క్యారియర్ గేముల్లో లక్: ఎంత ఉందన్నదాని కన్నా ఎక్కడ ఉందన్నది చూసి ఎంచుకోండి

విమానవాహక నౌకల యుద్ధాల మీద గేమ్ కొనాలనుకునేవాళ్లు మొదట అడిగేది "ఇందులో లక్ ఎక్కువా, తక్కువా?" అని. ఒకరు "డైస్ గేమే కదా, అంతా లక్కే" అంటారు. ఇంకొకరు "ప్లానింగ్ బాగుంటే డైస్ ఏం చేస్తుంది?" అంటారు. ఇద్దరి మాటలూ విన్నాక కూడా ఏది కొనాలో తేలదు. నేనైతే ఇంకో ప్రశ్న అడుగుతాను: డైస్ మీరు నిర్ణయం తీసుకోకముందు పడుతుందా, తీసుకున్నాక పడుతుందా?

మేఘాలు ఎక్కడున్నాయి, మన స్కౌట్ విమానానికి (వెతకడానికి పంపిన విమానానికి) శత్రువు కనబడ్డాడా, కనబడింది నిజంగా క్యారియరేనా లేక ఆయిల్ ట్యాంకరా, ఇవన్నీ నిర్ణయానికి ముందు తేలే లక్. అది తేలాక ఏం చేయాలన్నది ఇంకా మీ చేతుల్లోనే ఉంటుంది. విమానాలు పంపేశాక ఎన్ని బాంబులు తగిలాయో చెప్పేది నిర్ణయం తర్వాతి లక్. అప్పుడు మీరు చేయగలిగింది ఏమీ ఉండదు, చూస్తూ కూర్చోవడమే. మొదటి రకం లక్‌తో ఓడిపోతే "ఆ గంటలో ఇంకోలా ఆలోచించి ఉండాల్సింది" అనిపిస్తుంది. రెండో రకంతో ఓడిపోతే "డైస్ ముంచేసింది" అనిపిస్తుంది. మళ్లీ ఆడాలనిపించేది సాధారణంగా మొదటిదానికే.

క్యారియర్ గేముల విషయంలో ఈ తేడా మీద నాకు పట్టింపు ఎక్కువ. ఎందుకో చెప్పాలంటే అసలు యుద్ధంలో లక్ ఎక్కడుందో చూడాలి.

మిడ్వేలో, కోరల్ సీలో జరిగింది

రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ సముద్రం మీద జపాన్, అమెరికా క్యారియర్లు తలపడ్డాయి. 1942 జూన్ 4 ఉదయం, మిడ్వే దీవి దగ్గర. తోనె అనే జపాన్ క్రూయిజర్ (మధ్యరకం యుద్ధనౌక) నుంచి వెళ్లాల్సిన 4వ నంబర్ స్కౌట్ విమానం దాదాపు అరగంట ఆలస్యంగా బయల్దేరింది. అమెరికా నౌకల్ని చూసి కబురు పంపింది ఆ విమానమే. అటువైపు అమెరికా క్యారియర్ ఎంటర్‌ప్రైజ్ డైవ్ బాంబర్లను (నిటారుగా కిందికి దూకి బాంబు వేసే విమానాలను) నడిపిస్తున్న మెక్‌క్లస్కీకి శత్రువు ఉండాల్సిన చోట ఖాళీ సముద్రం కనబడింది. ఇంధనం తరిగిపోతున్నా ఆయన వెనక్కి తిరగలేదు. నాటిలస్ అనే అమెరికా జలాంతర్గామిని వేటాడి, మళ్లీ తమ దళాన్ని కలుసుకోవడానికి వేగంగా వెళ్తున్న అరాషి అనే జపాన్ డిస్ట్రాయర్ (చిన్న, వేగమైన యుద్ధనౌక) ఆయన కంటపడింది. అది పోతున్న దిక్కు పట్టుకుని వెళ్తే జపాన్ క్యారియర్లు దొరికాయి. అదే ఉదయం ఇంకో అమెరికా క్యారియర్ హోర్నెట్ డైవ్ బాంబర్లకు అసలు శత్రువే దొరకలేదు. హోర్నెట్ టార్పెడో విమానాల దళానికి దొరికారు గానీ, కాపలా లేకుండా వెళ్లిన ఆ 15 విమానాలూ కూలిపోయాయి. వాటిలో వెళ్లినవాళ్లలో బతికి బయటపడింది జార్జ్ గే ఒక్కడే.

అరాషి కనబడటం అదృష్టం. ఇంధనం అంచున ఉన్నా వెతకడం నిర్ణయం. ఈ రెంటినీ విడదీసి చూపించే గేమ్ అంటే నాకు గౌరవం.

దానికి నెల ముందు, మే 7న ఆస్ట్రేలియా దగ్గరి కోరల్ సీలో ఇంకా విచిత్రం జరిగింది. జపాన్ స్కౌట్లు "క్యారియర్, క్రూయిజర్" అని చెప్పిన నౌకలు నిజానికి నియోషో అనే ట్యాంకరూ, సిమ్స్ అనే డిస్ట్రాయరూ. వాటి మీదికే పెద్ద దాడి వెళ్లింది. అదే రోజు అమెరికన్లు కూడా పొరపాటుగా కోడ్ చేసిన రిపోర్టు నమ్మి బలగమంతా పంపేశారు. దారిలో షోహో అనే చిన్న క్యారియర్ తగలడంతో ఆ దాడి పూర్తిగా వృథా కాలేదు. మర్నాడు జపాన్ క్యారియర్ షోకాకు మీద బాంబులు పడుతుంటే దాని జంట నౌక జుయికాకు వాన మబ్బులో దాక్కుని బయటపడింది.

అంటే క్యారియర్ యుద్ధంలో లక్ ఎక్కువగా ఉన్నది వెతుకులాటలో, వేళలో, తప్పుడు రిపోర్టుల్లో. బాంబు తగలడంలో లక్ లేదని కాదు. మిడ్వేలో జపాన్ క్యారియర్ అకాగి మీదికి దిగినవి మూడే డైవ్ బాంబర్లు, నేరుగా తగిలిన బాంబు ఒక్కటే. హ్యాంగర్లో ఇంధనం, ఆయుధాలు నింపిన విమానాలు ఉండటంతో ఆ ఒక్కటే నౌకను కోలుకోలేనంతగా కాల్చేసింది. 1944 జూన్ 19న ఫిలిప్పీన్ సీలో అల్బకోర్ అనే అమెరికా జలాంతర్గామి వదిలిన టార్పెడోల్లో ఒక్కటి తగిలితే, జపాన్ కొత్త క్యారియర్ తైహో అప్పటికి తట్టుకుంది. కొన్ని గంటల తర్వాత లోపల పేరుకున్న ఇంధన ఆవిర్లు పేలి మునిగిపోయింది. 1945 మార్చిలో అమెరికా క్యారియర్ ఫ్రాంక్లిన్ రెండు బాంబులు తిని, 800 మందికి పైగా నావికుల్ని పోగొట్టుకుని కూడా తేలుతూనే ఇల్లు చేరింది. సగటు లెక్కలు వేసే రూల్స్‌కి ఈ మూడూ అందవు. కాబట్టి దాడి ఫలితం చాలాసార్లు ఊహకు దగ్గరగా, ఎప్పుడో ఒకసారి మాత్రం ఊహకు అందనంత దూరంగా రావాలి. గేమ్ డిజైనర్లు తడబడేది ఎక్కువగా ఇక్కడే.

ఒక్క డైసా, గుప్పెడు డైసా

పాత బోర్డు గేముల్లో ఎక్కువగా కనబడేది పట్టిక పద్ధతి. దాడి బలం, రక్షణ బలం చూసి ఒక నిలువు వరుస ఎంచుకుంటారు. ఒక్క డైస్ వేస్తే అక్కడున్న ఫలితమే మొత్తం దాడి ఫలితం. ఆట చకచకా సాగుతుంది. కానీ ఒక్క డైస్‌లో 1 పడే అవకాశం, 6 పడే అవకాశం సమానం. ముప్పై విమానాలు పంపినా అన్నీ ఒకే తలరాత పంచుకుంటాయి. గంటలపాటు వెతికి, డెక్ మీద విమానాలు సర్ది, సరైన వేళకి పంపిన దాడి మొత్తం ఒక్క విసురుతో తేలిపోతే ప్రాణం ఉసూరుమంటుంది. పైగా చాలా పట్టికల్లో చిన్న బలాల వరుసలో "ఫలితం లేదు" అని తప్ప ఏమీ ఉండదు. అలాంటి గేమ్‌లో అకాగిని దెబ్బతీసిన మూడు విమానాలు ఏమీ చేయలేవు.

రెండో పద్ధతిలో దాడి బలంలోని ప్రతి పాయింటుకూ ఒక డైస్. 1977లో ఎవలాన్ హిల్ కంపెనీ తెచ్చిన విక్టరీ ఇన్ ద పసిఫిక్ దీనికి మంచి ఉదాహరణ. గుప్పెడు డైస్ విసిరి, 6 పడిన ప్రతిదాన్నీ దెబ్బగా లెక్కపెట్టి, ఆ దెబ్బ ఎంత గట్టిదో మళ్లీ డైస్‌తో తేలుస్తారు. ఈ పద్ధతి ఎలా ప్రవర్తిస్తుందో లెక్కేసి చూద్దాం. 12 డైస్ వేశారనుకోండి. సగటున 2 దెబ్బలు రావాలి. ఒక్కటీ తగలకపోయే అవకాశం సుమారు 11 శాతం. ఒకటి నుంచి మూడు దాకా తగిలే అవకాశం 76 శాతం. ఐదు, ఆపైన తగిలేది 4 శాతం లోపే. ఇది దాదాపు నేను కోరుకునే ఆకారం. ఎక్కువసార్లు అంచనా దగ్గర, అప్పుడప్పుడు ఘోరం, అరుదుగా అద్భుతం. 12కు బదులు 18 డైస్ వేస్తే అన్నీ తప్పిపోయే అవకాశం 4 శాతానికి లోపు పడిపోతుంది. బలగాన్ని ఒకచోట చేర్చిన ఆటగాడికి ఆ మేరకు నమ్మకం దక్కుతుంది. ముక్కలు ముక్కలుగా పంపినవాడు లక్ మీద ఆధారపడతాడు. నిజంగా కూడా అంతే కదా.

అయితే విక్టరీ ఇన్ ద పసిఫిక్‌లో వెతుకులాట దాదాపు లేదు. నౌకలు పెద్ద పెద్ద సముద్ర ప్రాంతాల్లో అందరికీ కనబడుతూనే ఉంటాయి. పగటి పోరా, రాత్రి పోరా అన్నది ఇద్దరికీ కుదరకపోతే డైస్ తేలుస్తుంది. రాత్రయితే క్యారియర్ విమానాలకు పనిలేదు, పగలైతే యుద్ధనౌకలకు అవకాశం రాదు. నిర్ణయం తర్వాతి లక్ ఇంతకన్నా పచ్చిగా ఇంకెక్కడా చూడం. సాయంత్రం కూర్చుని ఒక సిట్టింగ్‌లో పసిఫిక్ యుద్ధం మొత్తం ఆడేయాలి, డైస్ గలగల వినాలి అనుకునేవాళ్లకి ఇది ఇప్పటికీ మంచి గేమే. మెక్‌క్లస్కీ టెన్షన్ కావాలంటే మాత్రం ఇక్కడ దొరకదు.

మినియేచర్లతో (చిన్న నౌకల బొమ్మలతో) ఆడే యాక్సిస్ అండ్ అలీస్: వార్ ఎట్ సీ కూడా గుప్పెడు డైస్ రకమే. 4, 5 పడితే ఒక పాయింటు, 6 పడితే రెండు. మొత్తం నౌక కవచం సంఖ్యకు సమానం కావాలి, లేదా దాన్ని దాటాలి. పిల్లలతో ఆడటానికి బాగుంటుంది.

వెతుకులాటే ఆటగా ఉన్న గేములు

నా ఓటు ఈ వర్గానికే. 1964 నాటి ఎవలాన్ హిల్ మిడ్వేలోనే ఇద్దరు ఆటగాళ్లకూ వేర్వేరు వెతుకులాట బోర్డులుండేవి. మధ్యలో తెర పెట్టుకుని, ఏ ప్రాంతం వెతుకుతున్నారో పైకి చెప్పాలి. అటువాడు నిజం చెప్పాలి. ఆ చిన్న యంత్రాంగంతోనే గుండె దడ వచ్చేది.

ఫ్లాట్ టాప్ (1977) దాన్ని ఎక్కడికో తీసుకెళ్లింది. 1942లో కోరల్ సీ, సాలమన్ దీవుల చుట్టూ జరిగిన క్యారియర్ పోరాటాలు దీని విషయం. ఎవరి నౌకలు ఎక్కడున్నాయో ఎవరికి వారు కాగితం మీద రాసుకుంటారు. గాలికి మేఘాలు కదులుతాయి. వాటి కింద దూరితే కనబడే అవకాశం తగ్గుతుంది. విమానాల్ని హ్యాంగర్లోంచి సిద్ధం చేయడానికి, పైకి పంపడానికి, తిరిగొచ్చాక దించడానికి సమయం పడుతుంది. బాంబులు నింపిన విమానాలు డెక్ మీదున్న వేళ శత్రువు వచ్చి పడితే ఏమవుతుందో ఈ గేమ్ రుచి చూపిస్తుంది. ఇక్కడ అనిశ్చితి ఎక్కువ భాగం డైస్ లోంచి రాదు, ఎదుటి మనిషి దాచిపెట్టినదాని లోంచి వస్తుంది. అందుకే "లక్ బాగోలేదు" అనే మాట ఈ బల్ల దగ్గర తక్కువ వినబడుతుంది. దీనికి చెల్లించే ధర సమయం. రాతపని విపరీతం. ఒక్క సినారియోకే (ఆడటానికి ఎంచుకున్న ఒక యుద్ధ సందర్భానికే) రోజంతా పోతుంది, చాలదు కూడా. లెక్కలు రాసుకోవడం మీకు చిరాకైతే దీని జోలికి పోకండి. రాసుకోవడం ఇష్టమైతే దీన్ని మించింది నాకు కనబడలేదు.

ఒంటరిగా ఆడేవాళ్లకి విక్టరీ గేమ్స్ 1990లో తెచ్చిన క్యారియర్ ఉంది, జాన్ సదర్డ్ డిజైన్. దక్షిణ పసిఫిక్‌లో మీరు అమెరికన్ అడ్మిరల్. జపాన్ బలగాలు మొదట ఏమిటో తెలియని గుర్తులుగా వస్తాయి. స్కౌటింగ్ పెరిగేకొద్దీ వాటి లోపల ఏముందో బయటపడుతుంది. ఎదుట మనిషి లేకుండా దాచిపెట్టడం ఎలాగన్న చిక్కును ఈ గేమ్ విప్పిన తీరు గొప్పగా ఉంటుంది. ఆ గుర్తు వెనక క్యారియర్లు ఉన్నాయని తెలిసేదాకా ఆగితే దూరం దగ్గరవుతుంది, మొదటి దెబ్బ చేజారవచ్చు. ఆగకుండా పంపితే నియోషో కథ మీకే జరగవచ్చు. రూల్స్ మాత్రం బరువైనవి, మొదటి గేమ్‌గా కొనకూడదు. అచ్చులో లేని పాత గేములు కాబట్టి ఫ్లాట్ టాప్, క్యారియర్ రెండూ సెకండ్ హ్యాండ్‌లో వెతుక్కోవాల్సిందే. కొనేముందు ముక్కలన్నీ ఉన్నాయో లేదో అడగండి.

కార్డులైతే

డైస్‌కి జ్ఞాపకం ఉండదు. మూడుసార్లు 1 పడినా నాలుగోసారి 1 పడే అవకాశం అంతే ఉంటుంది. కార్డుల కట్టకు జ్ఞాపకం ఉంటుంది. చెడ్డవి అయిపోతే మిగిలేవి మంచివే. డాన్ వెర్సన్ డిజైన్ చేసిన డౌన్ ఇన్ ఫ్లేమ్స్ వరుస గేముల్లో డైస్ లేకుండానే విమానాల పోరు నడుస్తుంది. వీటిలో జీరో! అనే గేమ్ పసిఫిక్ తొలినాళ్లది. మీరు దాడి కార్డు వేస్తే, అటువాడు చేతిలో ఉన్న కార్డుతో తప్పించుకుంటాడు, దానికి మీరు మళ్లీ జవాబిస్తారు. చేతిలో ఏ కార్డులు వచ్చాయన్నది లక్. వచ్చినవాటిని ఎప్పుడు వాడాలన్నది మీ తెలివి. ఇక్కడ కూడా లక్ నిర్ణయానికి ముందే తేలిపోతోంది. కాబట్టి తక్కువ సమయంలో, తక్కువ రూల్స్‌తో, ఓడినా ఉడుక్కోకుండా ఆడాలంటే ఇది సరిపోతుంది. అయితే ఇది పైలట్ స్థాయి గేమ్. దళాల్ని వెతకడం, క్యారియర్ డెక్ నడపడం ఇందులో ఆశించవద్దు.

కంప్యూటర్ గేముల్లో శాతాలు

కంప్యూటర్ పెద్ద మేలు చేస్తుంది. దాచిపెట్టడం దానికి సులువు, రాతపని మీకు తప్పుతుంది. కానీ లక్ ఎక్కడుందో కనబడదు. "గేమ్ మోసం చేస్తోంది" అనే అనుమానం పుట్టేది అందుకే.

ఈ విషయంలో కమాండ్: మోడర్న్ ఆపరేషన్స్ (2019) నాకు నచ్చుతుంది. ఇది ఇప్పటి క్షిపణుల యుగం. లారీ బాండ్ 1980లో తెచ్చిన హార్పూన్ అనే నౌకా యుద్ధ గేమ్ దారిలోనే నడిచిన గేమ్. క్షిపణి లక్ష్యాన్ని చేరినప్పుడు మెసేజ్ లాగ్ తెరిస్తే మొత్తం వివరం ఉంటుంది. తగిలే అవకాశం మొదట ఎంత, లక్ష్యం మలుపు తిరగడం వల్ల ఎంత తగ్గింది, చివరికి ఎంత మిగిలింది, వేసిన సంఖ్య ఏది, తగిలిందా తప్పిందా. ఓడిపోయాక ఆ వరుసలు చదివితే మీ కోపం సగం చల్లారుతుంది. 70 శాతం అవకాశమున్న క్షిపణి తప్పితే అన్యాయమనిపిస్తుంది గానీ, పదింటిలో మూడుసార్లు అలాగే జరగాలి. రెండు వదిలితే కనీసం ఒకటి తగిలే అవకాశం 91 శాతం. లక్‌ను తిట్టుకునే చోట ఇంకో క్షిపణి కేటాయించడం నేర్పే గేమ్ ఇది.

వార్ ఇన్ ద పసిఫిక్: అడ్మిరల్స్ ఎడిషన్ (2009) పూర్తిగా వేరే స్వభావం. ఒక్కో టర్న్ ఒక రోజు. విమాన దళాలకు పనీ, దూరమూ అప్పజెప్పడం వరకే మీ వంతు. ఆ రోజు దాడి నిజంగా ఎగురుతుందా, ఎటు వెళ్తుందన్నది వాతావరణం, కమాండర్ల సామర్థ్యం, శత్రువు ఎంత స్పష్టంగా కనబడ్డాడన్నవి చూసి గేమే తేలుస్తుంది. నాలుగు క్యారియర్లు సిద్ధంగా ఉండి కూడా దాడి బయల్దేరని రోజులుంటాయి. అడ్మిరల్ కుర్చీలోంచి చూస్తే అది నిజానికి దగ్గరే. విమానాల్ని మీ చేత్తో పంపాలనుకునేవాళ్లకి మాత్రం నరకం. ఇలాంటి గేముల్లో సేవ్ చేసిన చోటికి వెళ్లి మళ్లీ ఆడే అలవాటు పెట్టుకోకండి. నిర్ణయం ముందరి లక్‌కున్న విలువంతా దానితో పోతుంది.

అంపైర్ ఉంటే

నలుగురైదుగురు స్నేహితులు కలిసి ఆడేటట్టయితే, ఒకరిని అంపైర్‌గా పెట్టుకోవడం అన్నిటికన్నా మంచి దారి అని నా అభిప్రాయం. 1920, 30ల్లో న్యూపోర్ట్ నావల్ వార్ కాలేజీలో అమెరికన్ అధికారులు నేల మీద నౌకల బొమ్మలతో ఆడినవి ఇలాంటి ఆటలే. ఎవరికి ఏం కనబడుతుందో అంపైరే చెబుతాడు. కాగితాల గొడవ తప్పుతుంది, తప్పుడు రిపోర్టులు సహజంగా వస్తాయి.

ఒక్క షరతు: అంపైర్ వేసిన డైస్‌ను ఎవరూ మార్చకూడదు. మిడ్వేకి ముందు జపాన్ నౌకాదళం యమాటో అనే యుద్ధనౌక మీద జరిపిన రిహార్సల్ ఆట గురించి అంపైర్‌గా ఉన్న ఒకుమియా తర్వాత రాశాడు. మిడ్వే నుంచి వచ్చిన బాంబర్లకు డైస్ తొమ్మిది దెబ్బలు చూపించింది, ఆటలో అకాగి, కాగా అనే క్యారియర్లు మునిగిపోయాయి. ఆటను నడిపిస్తున్న అడ్మిరల్ ఉగాకి ఆ తొమ్మిదిని మూడుకు తగ్గించాడు. మునిగిందన్న కాగా కూడా ఆట తర్వాతి దశలో మళ్లీ తేలింది. అసలు యుద్ధంలో ఆ రెండు నౌకలూ మునిగిపోయాయి. బల్ల మీద ఇష్టం లేని ఫలితం వచ్చినప్పుడు "ఇలా జరగదులే" అని కొట్టేయబోయే ముందు ఇది గుర్తు చేసుకోవాలి.

కొనేముందు రూల్‌బుక్‌లో చూడాల్సినవి

చాలా గేముల రూల్స్ ఇప్పుడు ముందే చదువుకోవడానికి దొరుకుతాయి. మొదట వెతుకులాట అధ్యాయం ఎన్ని పేజీలుందో చూడండి. అది అర పేజీ ఉండి, దాడి అధ్యాయం పది పేజీలుంటే లక్ అంతా దాడిలోనే ఉంటుంది. తర్వాత స్కౌట్ రిపోర్టు తప్పు కావచ్చా, లేక కనబడిందంటే అంతా నిజమేనా అన్నది చూడండి. డెక్ మీద సిద్ధంగా ఉన్న విమానాలున్నప్పుడు నౌకకు నష్టం పెరుగుతుందా అన్నదీ ముఖ్యమే. ఈ చివరి రూల్ లేని గేమ్‌లో మిడ్వే జరగదు.

ఇప్పటికే మీ దగ్గరున్న గేమ్‌లో ఇవి లేకపోతే రెండు చిన్న ఇంటి రూల్స్ చేర్చుకోవచ్చు. శత్రువు కనబడిన ప్రతిసారీ అటువాడు ఎవరికీ చూపించకుండా ఒక డైస్ వేయాలి. 1 పడితే నౌక రకం తప్పుగా చెప్పాలి, 2 పడితే స్థానం ఒక గడి పక్కకు చెప్పాలి, 3 నుంచి 6 దాకా పడితే నిజమే చెప్పాలి. డైస్‌ను కప్పు కింద అలాగే ఉంచి, దాడి అక్కడికి చేరాకే ఎత్తాలి. అంటే మూడు రిపోర్టుల్లో ఒకదానిలో ఏదో ఒక తప్పుంటుంది. ఖాళీ సముద్రం చేరిన దళం ఒక గడి ఇంధనం అదనంగా ఖర్చుపెట్టి పక్క గడి వెతకవచ్చు. తిరిగి రావడానికి ఇంధనం చాలకపోతే ఆ విమానాలు పోయినట్టే.

రెండోది క్యారియర్‌కు తగిలే దెబ్బలకి. ఇంధనం, బాంబులు నింపిన విమానాలు నౌక మీద ఉండగా దెబ్బ తగిలితే ఇంకో డైస్ వేయండి. 5 లేదా 6 పడితే మంటలు. ఆ తర్వాత ప్రతి టర్న్‌లో నౌక యజమాని ఒక డైస్ వేస్తాడు. 5, 6 పడితే మంటలు ఆరతాయి, 1 పడితే ఇంకో దెబ్బ, మిగతా అంకెలకు మంటలు అలాగే కొనసాగుతాయి. విమానాలు కిందికి దింపి ఇంధనం తీసేసిన క్యారియర్‌కు ఈ డైస్ ఉండదు. డెక్ ఖాళీ చేసుకోవాలా, దాడికి సిద్ధంగా ఉంచాలా అని మీ ఎదుటివాడు తల పట్టుకుని కూర్చుంటే రూల్ సరిగ్గా పనిచేస్తున్నట్టే.